రక్తములోని చక్కెరయు మన దినచర్యయు

గడచిన సంవత్సరము జూలై మాసమున నొకనాడు, మధ్యాహ్న భోజనమునకు ముందు గంటలో, నేను తొమ్మిదవ తరగతివారికి భూగోళ పాఠము చెప్పుచుంటిని. వెనుక వరుసలో నొక బాలుడు బల్లక్రిందికి తల వంచి యేదియో నమలుచుండుట నా కంటబడినది. తరగతిలో తినకూడదను నియమ మందరకును తెలిసినదే. నేను వానిని లేచి నిలువుమని, చేతిలోని బెల్లపు ముక్కను బల్లమీద పెట్టించి, పాఠము ముగియువరకు నట్లే నిలువుమంటిని. పది నిమిషములు గడవకమునుపే వాని నుదుట చెమట పట్టెను. చేతులు వణకజొచ్చెను. నే నడిగిన ప్రశ్నకు వాడు పొంతన లేని మాటలు పలికెను. అప్పుడు ప్రక్కనున్న బాలుడు లేచి, "మాష్టారూ, వాడికి షుగరండి. తినకపోతే పడిపోతాడండి" అని చెప్పినగాని నాకు సంగతి బోధపడలేదు.

వెంటనే ఆ బెల్లమును వానిచేత తినిపించి, పంచదార కలిపిన నీరు త్రాగించితిమి. పావుగంటలో వాడు తేరుకొనెను. ఆ సాయంకాలము నేను వాని యింటికి పోయి తల్లిదండ్రులను క్షమాపణ వేడితిని. "తెలియక చేసినారు, మాష్టారూ" అని ఆ తల్లి నన్నే ఓదార్చెను. ఇరువది సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న నాకు ఆ మాట చాల దినములు మనస్సులో గ్రుచ్చుకొనియుండెను.

రెండు మాసములు గడచిన పిమ్మట మా ఉపాధ్యాయులందరకు ఆరోగ్య పరీక్షలు జరిగెను. పరగడుపున నా రక్తములో చక్కెర 118 అని తేలెను. వ్యాధి కాదు, కాని దాని గుమ్మమున నిలిచియున్నానని వైద్యుడు చెప్పెను. నాటినుండి ఈ విషయమును గూర్చి చదివియు, వైద్యుల నడిగియు, కొంత స్వయముగా నాచరించియు తెలిసికొనిన సంగతులను మన పత్రిక చదువరులకు మనవి చేయుచున్నాను.

చెంచాడు చక్కెర

వయస్సు వచ్చిన మనుష్యుని దేహములో దాదాపు 5 లీటర్ల రక్తముండును. ఆరోగ్యవంతుని రక్తములో, పరగడుపున, ప్రతి 100 మిల్లీలీటర్లకు 70 మొదలు 99 మిల్లీగ్రాముల వరకు గ్లూకోజు అను చక్కెర యుండును. విద్యార్థులారా, దీనిని గుణించి చూడుడు. దేహమంతటిలోని రక్తములో నున్న చక్కెర యంతయు కలిపినను 5 గ్రాములు దాటదు. అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. పరగడుపు లెక్క 100 మొదలు 125 వరకున్నచో దానిని వ్యాధికి పూర్వస్థితి యందురు. 126గాని అంతకు మించిగాని యున్నదని రెండుమారులు పరీక్షించి నిశ్చయించినచో అది మధుమేహమే. ఆరోగ్యమునకును వ్యాధికిని నడుమ నున్నది పావు చెంచాడు చక్కెర!

ఇట్టి చెంచాడు చక్కెరగల రక్తములోనికి మన మొక పూటకు పంపుచున్న దెంత? 150 గ్రాముల తెల్ల బియ్యమును వండుకొని తిన్నయెడల అందులోని పిండిపదార్థము దాదాపు 115 గ్రాములు. అది కడుపులోను ప్రేగులలోను జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తములో ప్రవేశించును. రక్తములో నున్నదానికి ఇది ఇరువది రెట్లకు పైబడిన మొత్తము. అయినను ఆరోగ్యవంతుని రక్తములో చక్కెర కొంచెము పెరిగి, రెండు గంటలలో తిరిగి 140కి లోబడుచున్నది. ఈ అద్భుతమును జరిపించునది క్లోమగ్రంథిలో పుట్టు ఇన్సులిన్ అను రసము. అది కండరముల ద్వారములను తెరచి చక్కెరను లోనికి పంపును. మిగిలినదానిని కాలేయములో నిలువచేయించును. వాకిలి తీయువాడు లేకున్నను, తీసినను తలుపు బిగిసిపోయి తెరువబడకున్నను, చక్కెర వీధిలోనే నిలిచిపోవును. అదియే మధుమేహము.

రక్తములో చక్కెర సుమారు 180 దాటినప్పుడు మూత్రపిండములు దానిని మూత్రమునకు వదలును. మూత్రము తియ్యనగుటను మన ప్రాచీన వైద్యులు గుర్తించి, మధుమేహమని పేరిడిరి. ఆ తీపికి కారణము చక్కెరయే యని 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు నిరూపించెను.

రెండు విధములైన వ్యాధి

ఈ వ్యాధిలో రెండు ముఖ్య విధములు కలవు. మొదటి విధములో ఇన్సులిన్ పుట్టించు కణములు నశించును. ఇది తరచుగా బాల్యమందే కనబడును. తీపి తినుటచేతగాని, తల్లిదండ్రుల అశ్రద్ధచేతగాని ఇది కలుగదు. నేను నిలువబెట్టిన బాలునిది ఈ విధమే. ఇట్టివారికి ఇన్సులిన్ సూదిమందు అన్నపానములవలె నిత్యావసరము. కెనడా దేశమున టొరాంటో నగరములో 1921లో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను కనుగొనిరి. 1922 జనవరిలో దానిని మొట్టమొదట పొందిన రోగి లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలుడు. అంతకు పూర్వ మట్టి పిల్లలు కొలది కాలములోనే మరణించెడివారు. అతడు మరి 13 సంవత్సరములు జీవించెను. మా తరగతిలోని బాలునికిని 14 ఏండ్లే. వాడు దేవుని కృపవలన ముసలితనము చూడగలడు, మందు మానకున్నయెడల.

రెండవ విధమున ఇన్సులిన్ ఉండును గాని కండరములును కాలేయమును దాని మాట వినవు. పొట్టలో పేరుకొనిన క్రొవ్వు, కదలిక లేని జీవనము, వంశపారంపర్యము, వయస్సు దీనికి హేతువులు. మధుమేహ రోగులలో అత్యధికులు ఈ విధమువారే. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, 2021 నాటికి మన దేశమున 10 కోట్ల మందికి మధుమేహమును, 13 కోట్లకు పైబడినవారికి పూర్వస్థితియు ఉన్నట్లు లెక్క తేలినది. ఆహారముచేతను దినచర్యచేతను మిక్కిలి మేలు పొందగలిగినవారు ఈ రెండవ విధమువారును, నావలె గుమ్మమున నిలిచినవారును.

ఇది కేవలము ఆశ కాదు. అమెరికాలో జరిగి 2002లో ప్రకటింపబడిన యొక గొప్ప పరిశోధనలో, పూర్వస్థితిలో నున్నవారు వారమునకు 150 నిమిషములు నడచి, దేహభారములో నూటికి 7 వంతులు తగ్గించుకొనుటకు యత్నించిరి. ఏమియు చేయనివారితో పోల్చగా, వారిలో వ్యాధి వచ్చువారి సంఖ్య నూటికి 58 వంతులు తగ్గెను. మాత్రలు తీసికొనినవారిలో తగ్గినది 31 వంతులు మాత్రమే. చెన్నపట్టణమున జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, మన దేశస్థులకును ఆహార వ్యాయామములవలన సుమారు 28 వంతుల మేలు కలిగినట్లు తేలెను.

పళ్లెములో నేమి యుండవలెను?

మన ఇండ్లలో పళ్లెము నిండ అన్నమును, దాని యంచున కొంచెము కూరయు వడ్డించుట వాడుక. దీనిని తలక్రిందులు చేయవలెను. పళ్లెములో సగము కూరలు: బీర, సొర, దొండ, వంకాయ, చిక్కుడు, బెండ, ఆకుకూరలు. పావు వంతు పప్పు, సెనగలు, పెరుగు, గ్రుడ్డు, చేప మొదలగు మాంసకృత్తులు. మిగిలిన పావు వంతు మాత్రమే అన్నమో రొట్టెయో. బంగాళాదుంపయు, కర్రపెండలమును కూరలుగా వండబడినను, ఈ లెక్కలో అన్నముతో సమానములే. కూరను, పప్పును కొంత ముందుగా తిని, అన్నమును తరువాత తిన్నయెడల చక్కెర మెల్లగా పెరుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఇందుకు పైస ఖర్చు లేదు.

బియ్యమునుగూర్చి ఒక మాట. ఒకే తూకముగల రెండు ధాన్యములు రక్తమున చక్కెరను ఒకే రీతిగా పెంచవు. ఈ వేగమును కొలుచు పద్ధతిని 1981లో టొరాంటోలో జెంకిన్స్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ప్రవేశపెట్టిరి. మిక్కిలి పాలిష్ చేసిన బియ్యము వేగముగా పెంచును. దంపుడు బియ్యము కొంత నెమ్మది. రాజేంద్రనగరమున రూపొందిన తెలంగాణ సోనా అను వరి ఈ విషయమున మేలైనదని పేరు పొందినది. కాని మేలైన బియ్యమని రెండింతలు తిన్నచో మేలు మాయమగును.

చిరుధాన్యములనుగూర్చియు కొంత భ్రమ ప్రబలియున్నది. కొఱ్ఱలు, సామలు, జొన్నలు, రాగులు పీచును, ఖనిజములును గలవి గనుక తెల్ల అన్నముకంటె ఉత్తమములు. అయినను రాగులలో సైతము 100 గ్రాములకు సుమారు 70 గ్రాముల పిండిపదార్థము కలదు. మెత్తగా విసరి, పలుచని జావ కాచి, అందు బెల్లము వేసి త్రాగినయెడల చక్కెర త్వరితముగానే పెరుగును. జావకంటె సంకటి మేలు. సంకటికంటె పప్పుతోను కూరతోను కలిపి మితముగా తిన్న సంకటి మేలు. ఉదయమున ఇడ్లీలు అరడజను తినుటకంటె రెండు పెసరట్లు తినుట మంచిది. చద్దన్నములో కొంత పిండి నెమ్మదిగా జీర్ణమగు స్వభావము పొందును. అయినను ఆ భేదము స్వల్పమే.

ఇక తీపి సంగతి. బెల్లము, తాటిబెల్లము, తేనె ఆరోగ్యకరములని, షుగరున్నవారును వాడవచ్చునని మన తల్లులు నమ్ముచున్నారు. రక్తము ఆ పేర్లను చూడదు. దానికి అన్నియు చక్కెరయే. దినమునకు నాలుగుమారులు రెండేసి చెంచాల పంచదారతో టీ త్రాగువాడు ఎనిమిది చెంచాలు తిన్నట్లు. అంగడిలో దొరకు 300 మిల్లీలీటర్ల తియ్యని శీతల పానీయములో 30 గ్రాములకు పైబడిన చక్కెర యుండును. చేర్చుకొను చక్కెర దినమునకు 25 గ్రాములకు లోపుగా నుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో సూచించిరి. ఒక్క సీసాతో ఆ హద్దు దాటిపోవును. పండ్ల రసముకంటె పండు మంచిది. జామపండు, నేరేడుపండు, బత్తాయి మితముగా తినవచ్చును. దాహమునకు మజ్జిగయు నీరును చాలును.

మెంతులను గూర్చి పలువు రడుగుచుందురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో 1980 తరువాతి సంవత్సరములలో వీనిపై పరిశోధనలు జరిగినవి. మెంతులలోని పీచు చక్కెర పెరుగుదలను కొంత మందగింపజేయునని తేలినది. కావున మెంతులు వంటలో వాడుకొనవచ్చును. అయితే అవి ఆహారమునకు తోడేగాని మందునకు బదులు కావు. కాకరకాయ సంగతియు నంతే.

నడక

భోజనమైన పిమ్మట నడుము వాల్చుట మన వాడుక. భోజనమైన తరువాత 10 మొదలు 15 నిమిషములు మెల్లగా నడచుట ఎట్టి తైలముకంటెను, చూర్ణముకంటెను మేలు. పనిచేయుచున్న కండరము ఇన్సులిన్ సాయము లేకయే చక్కెరను లోనికి తీసికొనగలదు. పైన చెప్పిన తలుపు బిగిసిపోయినవారికి నడక వేరొక ద్వారము వంటిది. కండరములు శక్తిని నిలువచేసి వెచ్చించు విధమును వెల్లడించిన శాస్త్రజ్ఞులలో, 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగా రొకరని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురుగాక.

వారమునకు 150 నిమిషములు, అనగా అయిదు దినములు అరగంట చొప్పున, వడిగా నడువవలెను. వారమున రెండు దినములు కండరములకు బలము కలిగించు పని చేయవలెను: గుంజీలు తీయుట, బరువులెత్తుట, తోట త్రవ్వుట. గంటలకొలది కదలక కూర్చుండువారు అరగంట కొకమారు లేచి నాలు గడుగులు వేయవలెను. నడుము చుట్టుకొలత మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండ చూచుకొనవలెను. సన్నగా నున్నవాడైనను పొట్ట ముందుకు వచ్చియున్నచో అపాయమున్నట్లే. రాత్రి ఏడుగంటలు నిద్రించుట, పొగాకు మానుట కూడ చక్కెర అదుపునకు తోడ్పడును. పరీక్షల దినములలో రాత్రులు మేల్కొని టీలు త్రాగు పెద్ద విద్యార్థులు దీనిని ఆలోచింతురుగాక.

మందు మానరాదు

ఇంతవరకు చెప్పినదంతయు విని, "ఇక మాత్ర లెందుకు?" అని ఎవరును అనుకొనకుందురుగాక. మా పెదనాయనగారు మంచి పొలము పనివారు. ఎవరో ఆకుపసరు ఇచ్చి, ఇది త్రాగినచో మాత్రలు అక్కరలేదని చెప్పిరి. ఆయన నమ్మి మాత్రలు మానివేసిరి. ఆరు మాసములకు కాలికి ముల్లు గ్రుచ్చుకొనెను. స్పర్శ తగ్గినందున అది తెలియలేదు. పుండు మానలేదు. చివరకు మూడు వ్రేళ్లు తీసివేయవలసివచ్చెను. చక్కెర పెరిగినను నొప్పి యుండదు. అదియే దాని మోసము. అది నిశ్శబ్దముగా కండ్లను, మూత్రపిండములను, నరములను, గుండెను పాడుచేయును. ఆహార వ్యాయామములచేత చక్కెర తగ్గినయెడల వైద్యుడే మందు తగ్గించును. కొందరికి పూర్తిగా మాన్పించుటయు కలదు. ఇంగ్లండు, స్కాట్లండులలో జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో, బరువు బాగుగా తగ్గించుకొనిన రెండవ విధపు రోగులలో దాదాపు సగముమంది ఒక సంవత్సరమునకు మందులు లేకయే వ్యాధి హద్దుకు దిగువ నుండిరి. అదియు వైద్యుల కనుసన్నలలో జరిగినదే. మొదటి విధమువారు మాత్రము ఇన్సులిన్‌ను ఎన్నడును మానరాదు. మానినచో కొలది దినములలోనే ప్రాణాపాయము.

శ్రమల దినములలోను, శుభ శుక్రవారమునను ఉపవాసముండు మన సంఘ పెద్దలకు ఒక విన్నపము. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగకుండ ఉపవాసముండరాదు. కడుపు ఖాళీగా నున్నప్పుడు మందు పనిచేసి, చక్కెర ప్రమాదకరముగా పడిపోవును.

విద్యార్థులకు

చక్కెర 70కి దిగినప్పుడు చెమట, వణకు, ఆకలి, తికమక కలుగును. మీ తోటివారిలో ఇట్టి వ్యాధిగలవారు అట్లు కనబడిన వెంటనే మూడు చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగించుడు; పెద్దవారిని పిలువుడు. పావుగంటలో తేరుకొననిచో మరల త్రాగించుడు. స్పృహ తప్పినవాని నోటిలో ఏమియు పోయకుడు; ఊపిరితిత్తులలోనికి పోవును. వానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్పించవలెను. అట్టివానిని ఒంటరిగా బయటకు పంపకుడు. ఎన్నడును పరిహసింపకుడు.

నా సంగతి చెప్పి ముగింతును. ఆరు మాసములుగా నేను టీలో పంచదార మానితిని. రాత్రి అన్నము సగము చేసి కూర రెండింతలు చేయుచున్నాము. నా భార్యకు మొదట ఇది పిసినారితనముగా తోచినది. పాఠశాలకు మోటారు సైకిలు మాని నడచి వచ్చుచున్నాను. బరువు 76 కిలోలనుండి 71కి దిగినది. పరగడుపు చక్కెర 118నుండి 104కు వచ్చినది. ఇంకను హద్దునకు పైననే యున్నది గనుక గొప్పలు చెప్పుకొనుటకు వీలులేదు. నడక మానుటకును వీలులేదు. క్రిస్మస్ నాడు రెండు అరిసెలు తింటిని, అబద్ధమాడను.

ఆ బాలు డిప్పుడు పదవ తరగతిలో నున్నాడు. వాడు ఏ పాఠములోనైనను అడుగకుండ తినవచ్చునని ఉపాధ్యాయులమందరము నిశ్చయించుకొంటిమి. ప్రతి తరగతి గదిలోను బల్ల సొరుగులో పంచదార పొట్లము నొకదాని నుంచితిమి. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఇట్టి వ్యాధి యున్నయెడల మాకు తెలియజేయుడు, దాచకుడు. ముప్పది యేండ్లు దాటినవారు సంవత్సరమున కొకమారైనను రక్తపరీక్ష చేయించుకొనుడు. ఈ చిన్న నియమములు మీ గృహములలో ఆచరణలోనికి వచ్చునని నమ్ముచు, విరమించుచున్నాను.